మొక్క ఎవరి చేతి మీదుగా

నా కుడిచేతికి ఈ ప్రాంతంలో నాకంటే ఎక్కువ గౌరవం ఉండేది. నా మాట వినని వాళ్ళు కూడా నా చేత్తో ఇచ్చిన కొబ్బరిమొక్క కోసం రాజోలు నుంచి, ఐ.పోలవరం నుంచి పనిగట్టుకుని వచ్చేవారు. కొత్తపేటకు దగ్గరలో, గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఇసుకనేలలో కొబ్బరినారు పెంచి అమ్మడం నా వృత్తి. ఇప్పుడు మానేశాను.

మా ఇంటికీ తోటకీ మధ్య ఒక దడి మాత్రమే అడ్డు. మధ్యాహ్నం పూట నేను అరుగు మీద పడక్కుర్చీలో ఉంటే ఆ దడి సందుల్లోంచి పచ్చటి వెలుతురు వచ్చి గోడ మీద నీళ్ళలా కదులుతుంది. దాన్ని చూస్తూ కళ్ళు మూసుకుంటే నేను ఇచ్చిన మొక్కలన్నీ చెట్లై కనబడతాయి. ఎవరి దొడ్లోనో, ఎవరి చేనుగట్టు మీదో, రొయ్యల చెరువుల పక్కన ఉప్పుగాలికి కాస్త వంగి. ఒక్కటి కూడా నన్ను గుర్తుపట్టినట్టు ఊగదు. దాని మీద కూడా నాకు కొంచెం కోపమే.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను ఎరువుల గురించి, తెగుళ్ళ గురించి అడుగుతారు. అవి ఎవరైనా చెబుతారు. మీరు లేని రోజున మీ గేటు దగ్గర ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. నేను చెబుతాను. అది చెప్పాలంటే నాకు జరిగిన అవమానాలు కొన్ని చెప్పక తప్పదు. వాటిలో ఏదీ నేను మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే ఈ తోట ఈపాటికి రొయ్యల చెరువు అయిపోయేది.

సుబ్బారాయుడుగారి గేటు

నేను పని నేర్చుకున్నది ఆలమూరు వైపు సుబ్బారాయుడుగారి తోటలో. ముదురు తల్లిచెట్టు నుంచి విత్తనకాయ ఎలా దింపాలో, నీడలో ఎలా ఆరనివ్వాలో, ఇసుకమడిలో ఎలా పరచాలో ఆయనే చూపించారు. ఈ వృత్తిలో అసలు రహస్యం కూడా ఆయన దగ్గరే విన్నాను. మడిలో ముందుగా మొలిచిన కాయే కాయ. మొదలు లావుగా ఉండి, ఆకు తొందరగా చీలిన మొక్కే మొక్క. వెనకబడినదాన్ని జాలిపడి ఉంచితే అది కొన్నవాడి దొడ్లో ఏళ్ళ తరబడి ఆకులు వేసుకుంటూ కూర్చుంటుంది, గెల వెయ్యదు.

ఇంత తెలిసిన మనిషి, కొన్నవాళ్ళకు మాత్రం తన హస్తవాసి గురించే చెప్పేవారు. ప్రతి మొక్కనూ తూర్పుముఖంగా నిలబడి తన రెండు చేతులతో అందించేవారు. ఒకసారి ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు ఎవరో తొందరపడుతుంటే ఒక మొక్క నేనిచ్చాను. ఆయన చెయ్యి కడుక్కుంటూ అది చూసి, తడిచేతులతోనే వచ్చి, ఆ మొక్కను వాళ్ళ దగ్గర్నించి వెనక్కి తీసుకుని, నేల మీద పెట్టి, మళ్ళీ ఎత్తి తానిచ్చారు.

"వీడి చెయ్యి ఇంకా పండలేదండి. ఏవనుకోకండి," అన్నారు.

అందరూ నవ్వారు. పండడానికి అదేమైనా అరటిగెలా అని నేను మనసులో అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాను.

ఆయన పోయాక ఆ తోటలో ఏదీ మారలేదు. అవే మడులు, అవే తల్లిచెట్లు, అదే నీళ్ళు, మేమే మనుషులం. వచ్చినవాళ్ళు గేటు దగ్గర నిలబడి లోపలికి చూసేవారు.

"పెద్దాయన లేరు కదండీ పాపం. మళ్ళీ వస్తాంలెండి."

మన కోనసీమలో ఎవరూ ఎవరికీ లేదని చెప్పరు. ఆ పని చెయ్యడానికి మనకు "మళ్ళీ వస్తాంలెండి" ఉంది. వ్యాపారంలోకి వచ్చే పిల్లలు ముందుగా అర్థం నేర్చుకోవలసిన మాట అది.

అమ్ముడుపోని నారు మడిలోనే ఎదిగింది. వేళ్ళు వేళ్ళలోకి అల్లుకున్నాయి. ఆకులు మా నడుము దాటి, తల దాటి, ఒకదాన్నొకటి తోసుకుంటూ వెలుతురు కోసం పైకి పోయాయి. కొన్నాళ్ళకి మడుల మధ్య నడవడానికి దారి లేదు. లోపల పగలు కూడా చెరువు అడుగున ఉన్నట్టు ఆకుపచ్చటి మసక. ఒక్క చెట్టూ కాయని ఆ అడవి నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. కలలో నేను గేటు వైపు నడుస్తూనే ఉంటాను, గేటు మాత్రం రాదు.

జ్వరం వచ్చిన చెయ్యి

అంత చూసినవాణ్ణి నా సొంత తోట పెట్టుకున్నాక ఏం చేసి ఉండాలి? అదే చేశాను. ఎవరో ఒకాయన, "మీ చెయ్యి చల్లనిదండి, మీరిచ్చిన మొక్క ఒక్కటీ చావలేదు," అన్నారు. ఆ మాట ఎంత తీయగా ఉందంటే, ఆ మొక్కలు చావకపోవడానికి కారణం పనికిరానివన్నీ ముందే పీకి పారెయ్యడం అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నా చేతికి పేరు తెచ్చింది అది ఇచ్చిన మొక్కలు కాదు, ఇవ్వకుండా పారేసినవి.

ఆ పేరు చివరికి ఎక్కడిదాకా వెళ్ళిందంటే, ఒక తొలకరిలో నాకు జ్వరం వస్తే మొక్కల్ని మంచం దగ్గరికి తెచ్చి, నా చేత్తో తాకించి పట్టుకెళ్ళారు.

"మీకు మాత్ర ఇవ్వాలన్నా ఆకులు తప్పించుకుని రావాల్సొస్తోందండి. ఇది ఇల్లా, మడా?" అని మా ఆవిడ కేకలేసింది.

నాకు మాత్రం ఆ జ్వరంలో అదంతా బాగుంది. చుట్టూ లేతాకుల వాసన, వాటి మధ్య తేలుతున్న మంచం, ఎవరెవరివో ముఖాలు వంగి, "ఆయ్, ఒక్కసారి తాకండి చాలు," అనడం. నేను లేకపోతే లోకంలో కొబ్బరి లేదనిపించింది. పిల్లలూ, వ్యాపారి ఆరోగ్యానికి ఇంతకంటే చెడ్డ జబ్బు లేదు.

తీసేసినవి తీసేసినట్టే

సుగుణ మా తోటకి వచ్చింది ఆ తర్వాత. అమలాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేది. వాళ్ళది మూడు తరాల పంతుళ్ళ కుటుంబం, ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే ఇల్లు. భర్త పోయాక స్కూలు జీతం చాలక ఇంకేదైనా పని కోసం చూస్తోందని తెలిసి నేనే పిలిచాను. నన్ను బాబాయిగారని పిలిచేది. వచ్చిన రోజునే మడి వెంట నడిచి వెనక్కి వచ్చి అడిగింది.

"బాబాయిగారూ, ఇందులో చాలావాటిని ఎందుకుంచేరు? చూస్తే పాపం అనిపించిందా?"

నాకు చాలా కోపం వచ్చింది. నిజం కనక ఇంకా ఎక్కువ వచ్చింది. నా కళ్ళు మసకబారుతున్నాయని, ఆకు చీలిక దూరం నుంచి సరిగా కనబడటం లేదని అప్పటికి ఎవరికీ చెప్పలేదు.

ఇద్దరం కూర్చుని ఒక నియమం పెట్టుకున్నాం. బాగాలేని మొక్కను తీసెయ్యడానికి తోటలో పని చేసే ఎవరికైనా హక్కుంది. తీసేసిన మొక్కను తిరిగి పెట్టే హక్కు ఎవరికీ లేదు, నాకు కూడా. "నాకు కూడా" అన్నది ఆవిడ కలిపిందే. మాటవరసకేలే అని ఒప్పుకున్నాను.

అది మాటవరసకి కాదని మా బావమరిది వచ్చిన రోజున తెలిసింది. ఆయన ముహూర్తం పెట్టుకుని వచ్చాడు. మంచి నారు అప్పటికే అయిపోయింది. తీసేసిన మొక్కలు గట్టు పక్కన పడి ఉన్నాయి, చూడ్డానికి పచ్చగానే ఉన్నాయి.

"వాటిలో కాస్త బాగున్నవి ఏరి ఇచ్చెయ్యమ్మా, మనవాడే," అన్నాను.

"మనవాళ్ళకి అసలివ్వకూడదు కదండీ," అంది సుగుణ. "కాయకపోతే పరాయివాళ్ళు ఒకసారి తిట్టి ఊరుకుంటారు. ఈయన ప్రతి పండక్కీ వస్తారు."

మా బావమరిది నా వైపు తిరిగాడు. "బావగారూ, ఇంతకీ ఈ తోట ఎవరిదండీ?"

"ఆరేళ్ళు ఆగి అడగండి," అంది సుగుణ. "అప్పటికి మేమిచ్చిన మొక్కలు గెల వేస్తే బాబాయిగారిది, వెయ్యకపోతే నాది అందురుగాని."

పనివాళ్ళందరి ముందు నా మాట నేల మీద పడింది. దాన్ని ఎత్తుకోవడానికి నేను వంగలేదు. ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు. కానీ ఒకటి చెబుతాను. యజమానికి లేదని చెప్పగలిగే మనిషి లేని వ్యాపారం యజమాని నిద్రపోగానే నిద్రపోతుంది. ఆ అవమానాన్ని నేను క్షమించలేదు, నియమాన్నీ మార్చలేదు.

ఏమీ అనుకోకమ్మా

ఒక ఉదయం నేను అమలాపురం నుంచి ఆటోలో తిరిగి వస్తున్నాను. కాలవ మీద మంచు ఇంకా విడలేదు. గేటు దగ్గర దిగేసరికి లోపల ఉప్పలగుప్తం వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలు కనిపించారు. కొత్త ఇంటి దొడ్లో నాటుకోవడానికి మొక్కలు ఏరుకున్నారు. పసుపు, కుంకుమ పళ్ళెంలో పెట్టుకుని మరీ వచ్చారు. సుగుణ మొదటి మొక్కను ఎత్తి అందించబోయింది. ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఏవీ అనుకోకమ్మా. శుభమా అని నాటుకుంటున్నాం. పెద్దాయన్ని రానియ్యి. నువ్వలా కింద పెట్టెయ్యి, ఆయనొచ్చి అందిస్తారు."

"ఆయన చెయ్యి ఊళ్ళో లేదండి," అంది సుగుణ. "మిగతా మనిషితో పాటు అమలాపురం వెళ్ళింది."

భార్య మెత్తగా అంది. "అది కాదమ్మా. నీకు తెలీంది కాదు కదా." అంటూ సుగుణ నుదుటి వైపు చూసి చూపు దించుకుంది.

"మా ఇళ్ళల్లో బొట్టు పెట్టుకోమండి. నా పెళ్ళి రోజున కూడా ఇదే నుదురు," అంది సుగుణ. మొక్కను మాత్రం కింద పెట్టలేదు. అలాగే పట్టుకుని నిలబడింది. దాని వేళ్ళ ఇసుక ఆవిడ చీర మీద రాలుతోంది.

ఎవరూ గొంతు పెంచలేదు. అంతా ఎంతో మర్యాదగా జరిగింది. మన మర్యాదకి ఉన్న పదును కొబ్బరికత్తికి కూడా ఉండదు.

అంతలో వాళ్ళు నన్ను చూశారు. "అదిగో, వచ్చేరు! రండి బాబాయిగారూ, తవరి చేత్తో ఇప్పించండి," అని ఆయన చేతులు చాపాడు.

నేను నా కుడిచెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. ముందుగా ఆలోచించుకున్నది కాదు. ఎప్పుడో తడిచేతులతో నా దగ్గర్నించి వెనక్కి వెళ్ళిన మొక్క గుర్తొచ్చింది.

"ఈ చెయ్యి రిటైరైందండి. ఇక మీదట మా తోటలో మొక్క అందించేది సుగుణమ్మగారే."

ఆయన నవ్వాడు. "భలేవారే! మీరు ఎదురుగా ఉండగా..."

"లేననుకోండి."

నేను నవ్వడం లేదని అప్పుడు అర్థమైంది ఆయనకి. పళ్ళెం భార్య చేతికిచ్చి, అంతే మర్యాదగా అన్నాడు. "అయితే మళ్ళీ వస్తాంలెండి."

వాళ్ళు వెళ్ళాక సుగుణ అంది, "నాకోసం తోట మూసుకోకండి బాబాయిగారూ. నేను వెనకాల మడుల్లో పని చేసుకుంటాను."

"నీకోసం కాదమ్మా. అది నా పంతం."

నిజంగానే పంతం. ఆవిడ చేత్తో మొక్క పుచ్చుకుంటారా, లేక మా మడులు కూడా కాయని అడవి అయిపోతాయా, అంతే మిగిలింది. అది తేలేదాకా నేను ఒక్క మొక్కను కూడా ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాను.

అరుగు మీద దగ్గు

ఆ తొలకరి అంతా నేను దడికి ఇవతల అరుగు మీదే గడిపాను. వాన నీళ్ళు చూరు మీంచి జారుతుంటే తోటలో మాటలు కలలో మాటల్లా వినబడేవి.

"పెద్దాయన లేరాండీ?"

"లేరండి. మొక్కలున్నాయండి."

"ఎప్పుడొస్తారండీ?"

"మొక్కలెప్పుడూ ఉంటాయండి."

నాకు లేచి పరిగెత్తాలనిపించేది. ఒట్టు అడ్డొచ్చి లేవలేక దగ్గేవాణ్ణి. ఒకరోజు మా ఆవిడ నా పక్కకి వచ్చి గుసగుసలాడింది. "ఆవిడ అక్కడ మీరు లేరని చెప్తుంటే ఇక్కడ మీరు దగ్గుతారేంటండీ? లేనప్పుడు పద్ధతిగా లేకుండా ఉండండి."

అంతకంటే మంచి వ్యాపార సలహా నాకు ఎవరూ ఇవ్వలేదు.

నా చెయ్యి పడిపోయిందని ఊళ్ళో పుకారు పుట్టింది. ఒక పెద్దమనిషి బత్తాయిలు పట్టుకుని పరామర్శకి వచ్చాడు. కూర్చున్నంతసేపూ నా కుడిచేతి వైపే చూశాడు. నేను ఆ చేత్తోనే బత్తాయి వలిచి ఆయనకిచ్చాను. పుచ్చుకుని, కళ్ళకద్దుకుని తిన్నాడు. వెళ్తూ దడి అవతల సుగుణని చూసి, మొక్కలు కొనకుండానే పోయాడు. ఆ బత్తాయిల సంగతి నేను మర్చిపోలేదు.

రెండు తొలకరులు పలచగా పోయాయి. మమ్మల్ని నిలబెట్టింది ఊరివాళ్ళు కాదు. దూరం జిల్లాల నుంచి లారీల్లో వచ్చినవాళ్ళకి నేనెవరో తెలియదు. మొదలు ఎంత లావుందో, ఆకు ఎంత చీలిందో చూశారు, ఎక్కించుకుని వెళ్ళారు. ఊరివాళ్ళకి చెయ్యి కావాలి, పై ఊరివాళ్ళకి మొక్క కావాలి. మిమ్మల్ని ఎరగనివాడు మళ్ళీ మళ్ళీ వస్తున్నాడంటేనే మీ సరుకు మంచిదని లెక్క. మిమ్మల్ని ఎరిగినవాడి పొగడ్త లెక్కలోకి రాదు.

ఊరివాళ్ళలోనూ కొద్దిమంది ఆవిడ చేత్తో పుచ్చుకున్నారు. ఒక హైస్కూలు హెడ్మాస్టరుగారు, ఒక పడవల మేస్త్రీ, కొందరు ఆదివారం చర్చి నుంచి అటే వచ్చినవాళ్ళు. ఆ మొక్కలు నేలలోకి దిగాయి. తర్వాత చెయ్యగలిగింది ఏమీ లేదు. కొబ్బరి తొందరపడదు. కాలవకి నీళ్ళు వదలడం, కట్టెయ్యడం, మంచు పట్టడం, విడడం, ఏళ్ళు ఆకు మీద ఆకుగా జరిగిపోయాయి. నేను అరుగు మీద నిద్రకీ మెలకువకీ మధ్య ఎక్కడో కూర్చుని, ఎవరెవరి దొడ్లలోనో ఆ మొక్కలు ఎదగడం వినడానికి ప్రయత్నించేవాణ్ణి. ఆ ఉప్పలగుప్తం దంపతులు వస్తే ఏమనాలో మాటలు కూర్చుకునేవాణ్ణి. చాలా మంచి మాటలు కుదిరాయి. వాళ్ళు మాత్రం రాలేదు.

నాక్కూడా జ్వరం వస్తుంది

ఒకరోజు దడి అవతల కొత్త గొంతు వినబడింది. "హెడ్మాస్టరుగారి దొడ్లో చెట్లు చూసేమండి. గెలలు నేలకి దిగిపోతున్నాయండి. ఆవిడగారి హస్తవాసి మంచిదంట కదా, ఆవిడ చేత్తోనే ఇప్పించండి."

నేను పడక్కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నా పంతం నెగ్గింది. వెనక్కి వెళ్ళిన చేతులన్నీ ఇప్పుడు ముందుకి చాచుకుని వస్తున్నాయి. నా కళ్ళు చెమర్చాయి.

"నా చేతిలో ఏం లేదండి," అంటోంది సుగుణ. "రండి, మడిలోకి రండి. ఇక్కడున్నవన్నీ ఏరి ఉంచినవే. మీకు నచ్చింది మీ చేత్తో మీరే ఎత్తుకోండి."

వాళ్ళు వెళ్ళాక నేను దడి దాటి వెళ్ళి దెబ్బలాడాను. "ఇన్నేళ్ళు దేనికోసం కూర్చున్నానమ్మా? నీ చేత్తో ఇవ్వమని వాళ్ళంతట వాళ్ళే అడుగుతుంటే..."

"ఇన్నాళ్ళూ మీ చెయ్యి లేకపోతే తోట ఆగేది. ఇకనించి నా చెయ్యి లేకపోతే ఆగాలాండీ? నాక్కూడా జ్వరం వస్తుంది కదా బాబాయిగారూ."

"వాళ్ళకి తెలియాలి కదమ్మా, నువ్వేంటో!"

"తెలిసిందిగా. చెట్లు గెలలు వేసేయి." చేతులకంటిన ఇసుక దులుపుకుంది. "మీ పంతం తీరింది. మొక్కల పని మొక్కల్ని చేసుకోనివ్వండి."

నా గెలుపుని నా చేతికి అందకుండా పక్కకి తీసిపెట్టింది. నేను మర్చిపోని వాటిలో ఇది కూడా చేరింది. ఆవిడ ఆ రోజు మొదలుపెట్టిన పద్ధతి మాత్రం ఇప్పటికీ నడుస్తోంది. సుగుణ ఉన్నా లేకపోయినా, ఎవరు గేటు తీసినా, వచ్చినవాళ్ళు మడుల మధ్యకి నడిచి తమ మొక్క తామే ఎత్తుకుంటారు. మొదట్లో తటపటాయించారు. ఇప్పుడు ముసలమ్మలు కూడా వంగి ఆకు చీలిక చూస్తున్నారు. "మళ్ళీ వస్తాంలెండి" అన్నవాళ్ళు నిజంగానే మళ్ళీ వస్తున్నారు.

మొన్న ఉదయం ఊరికే దడి దాటి తోటలోకి వెళ్ళాను. మంచు మడుల మీద పలచగా పరుచుకుని, ఆకుల కొసలు మాత్రమే పైకి కనబడుతున్నాయి. సుగుణ దూరంగా ఎవరికో చూపిస్తోంది. ఒక కుర్ర జంట మొక్క ఎంచుకుని బయటికి వస్తూ నా దగ్గర ఆగారు. నన్ను ఎన్నడూ చూసినవాళ్ళు కారు.

"మీరూ మొక్క కోసమేనాండి?" అనడిగింది ఆ అమ్మాయి.

సుగుణ తలెత్తి చూసింది. వాళ్ళకి ఒక్క మాట చెబుతుందేమో అని ఒక క్షణం ఆగాను. చెప్పలేదు. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"ఆయ్," అన్నాను.

"ఆ చివర వరసలో బాగున్నాయండి. మొదలు లావుగా ఉన్నది చూసుకోండి బాబాయిగారూ. తొందరపడకండి."

చెప్పినట్టే చివరి వరసలోకి వెళ్ళాను. మొదలు తడిమి చూశాను. జీవితంలో ఎవరికో ఇవ్వడానికి కాకుండా మొక్కను ఎత్తింది అదే మొదటిసారి. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. దాన్ని గుండెకి ఆనించుకుని మంచులోంచి ఇంటికి వచ్చాను. ఎక్కడ నాటుదామని మా ఆవిడ అడుగుతోంది. ఇద్దరం దొడ్లో తిరిగి చూస్తున్నాం.